వ్యాయామం చేస్తున్నవారు బరువు తగ్గించే మందు కూడా వాడవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా వయసు నలభై దాటింది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే సూచిక) 32, రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాను. చాలాకాలంగా రోజూ వేగంగా నడుస్తున్నాను, తిండి విషయంలోనూ జాగ్రత్తగానే ఉంటున్నాను. మొదట్లో కొంత బరువు తగ్గాను కానీ, ఆ తరువాత ఎంత నడిచినా ఫలితం కనబడడం లేదు. వారానికి ఒకసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ గురించి ఆలోచించమని డాక్టరు గారు అన్నారు. మందు మొదలుపెడితే ఇక వ్యాయామం అక్కర్లేదని కొందరు, వ్యాయామం చేసేవారికి మందెందుకని మరికొందరు చెబుతున్నారు. ఈ విషయం తెలిసినవారు, స్వయంగా వాడుతున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
మీ డాక్టరు గారు ఆ మాట ఎత్తడం సబబుగానే ఉంది. సాధారణంగా బీఎంఐ 30 గాని అంతకు మించి గాని ఉన్నవారికి, లేదా 27 గాని అంతకు మించి గాని ఉండి రక్తపోటు, మధుమేహం వంటి సమస్య ఉన్నవారికి ఈ మందు రాస్తారు. అది కూడా మితాహారం, శారీరక శ్రమ తోడుగా ఉండాలన్న షరతు మీదే. బరువు తగ్గేకొద్దీ శరీరం ఆకలిని పెంచి, ఖర్చుచేసే శక్తిని తగ్గించుకుంటుంది కాబట్టి, మీ బరువు ఒకచోట ఆగిపోవడాన్ని మనోబలం లేకపోవడంగా దయచేసి భావించకండి. భోజనం చేశాక పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 అనే హార్మోను చేసే పనినే ఈ మందు చేస్తుంది, అంటే ఆకలిని తగ్గించి, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈ మందుపై జరిపి, 2021లో ఫలితాలు ప్రకటించిన ఒక పరీక్షలో 1,961 మంది పాల్గొనగా, 68 వారాలకు మందు వాడినవారు సగటున 14.9 శాతం, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారు 2.4 శాతం బరువు తగ్గారు. అయితే మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అందువల్ల మొదలుపెట్టేముందే ఎంతకాలం వాడాలి, అంతకాలం ఖర్చు భరించగలనా అన్నది తేల్చుకోవడం మంచిది.

రెండో జవాబు:
నేను ఇదే మందు వాడుతున్నాను. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒకసారి మోతాదు పెంచుతారు. పెంచిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు వికారంగా ఉంటుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉందండి. ఆకలి లేదని మాంసకృత్తులు కూడా మానేస్తే, కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. బరువు తగ్గుతున్నా మెట్లెక్కేటప్పుడు తొడల్లో సత్తువ లేనట్టు అనిపించడంతో డాక్టరుకు చెప్పాను. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చేయమన్నారు, ప్రతి పూటా ముందుగా మాంసకృత్తులున్న పదార్థమే తినమన్నారు. ఇప్పుడు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవగలుగుతున్నాను. మీరు నడక మానవద్దు, కానీ నడక ఒక్కటే కండను కాపాడుతుందని అనుకోవద్దు. వికారం ఉన్న రోజుల్లో మాత్రం తేలికపాటి వ్యాయామంతో సరిపెట్టుకోండి, నీళ్లు మాత్రం తగ్గించకండి.

మూడో జవాబు:
పై మాటలకు ఒక ఆధారం చేర్చదలచుకున్నాను. డెన్మార్క్‌లో 195 మందిని ఎనిమిది వారాలపాటు అతి తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచి, ఆ తరువాత ఏడాదిపాటు కొందరికి వ్యాయామం, కొందరికి ఇదే కోవకు చెందిన లిరాగ్లూటైడ్, కొందరికి రెండూ, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండూ కలిసినవారిలో కొవ్వు శాతం, ఏదో ఒక్కటే పాటించినవారిలో కంటే సుమారు రెట్టింపు తగ్గింది. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచింది ఆ తరువాతి సంగతి. అన్నీ ఆపిన ఏడాదికి చూస్తే, మందు మాత్రమే వాడినవారికంటే, దానితోపాటు వ్యాయామం కూడా చేసినవారే తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకోగలిగారు.

ఇక జాగ్రత్తల విషయం. మీకు గాని, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గాని మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ మందు వాడకూడదు. ఇదివరకు క్లోమం వాచినా, పిత్తాశయంలో రాళ్లున్నా ముందే చెప్పాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు కనీసం రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపివేయాలి. బరువు తగ్గేకొద్దీ రక్తపోటు కూడా తగ్గవచ్చు కాబట్టి, మీరు వేసుకుంటున్న మాత్ర మోతాదును మధ్యమధ్యలో డాక్టరు చేత సరిచూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా మేనత్తకు థైరాయిడ్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది, కానీ అది ఏ రకమో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ పాత బయాప్సీ రిపోర్టు తెప్పించి డాక్టరు గారికి చూపించేవరకు ఇంజెక్షన్ జోలికి వెళ్లను. బరువులెత్తే వ్యాయామం మాత్రం ఈ వారం నుంచే మొదలుపెడతాను. రక్తపోటు ఉన్నవారు అందులో ప్రత్యేకంగా పాటించవలసినది ఏమైనా ఉందా?

రెండో జవాబు ఇచ్చినవారు:
ఉందండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, అలా చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తుతూ ఊపిరి వదలండి, దించుతూ పీల్చండి, తేలికైన బరువులతోనే మొదలుపెట్టండి.