బ్రాంచి టేబుల్‌కి ఐఎఫ్ఎస్‌సీ కోడే ప్రైమరీ కీగా సరిపోదా?

కృష్ణాతీరం:
పాడి రైతుల ఖాతాల్లో పాల డబ్బులు వేసే సొసైటీకి డేటాబేస్ కడుతున్నాం. మైఎస్‌క్యూఎల్ 8. బ్రాంచి టేబుల్‌కి ఐఎఫ్ఎస్‌సీనే (బ్యాంకు బ్రాంచిని గుర్తించే కోడ్) ప్రైమరీ కీగా, అంటే ఒక్కో వరుసనీ విడిగా గుర్తించే విలువగా, పెడదామంటాను నేను. 11 అక్షరాలే, ఒక కోడ్ ఒక బ్రాంచిదే. చెల్లింపుల టేబుల్లోనే కోడ్ కనిపిస్తుంది కాబట్టి రిపోర్టుకి జాయిన్ (రెండు టేబుళ్లని కలిపి చదవడం) అక్కర్లేదు. మా టీమ్ లీడ్ గారు మాత్రం ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (డేటాబేస్ తనంతట తానే వేసే వరుస నంబరు) ఉండాల్సిందే అంటున్నారు. మీరేమంటారు?

ఓరుగల్లు_డెవ్:
లీడ్ గారి మాటే రైటు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తర్వాత ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్లు పోయి యూబీఐఎన్ కోడ్లు వచ్చాయి. బ్రాంచి అదే, ఖాతాదారులూ వాళ్లే, కోడ్ మాత్రం మారింది. సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసినప్పుడూ ఇంతే. మార్చే అధికారం మన చేతిలో లేని కోడ్‌ని కీ చేయకూడదు.

రాత్రిషిఫ్ట్:
మరి ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ ఉన్నది ఎందుకన్నా? బ్రాంచి టేబుల్లో కోడ్ మారిస్తే ఆ కోడ్‌ని వాడుకునే చైల్డ్ టేబుళ్లన్నీ వాటంతట అవే మారతాయి. ఐడీలు పెట్టినవాళ్ల డేటా రోజూ చూస్తుంటాను. ఒకే బ్రాంచి 17 నంబరుతో ఒకసారి, 212 నంబరుతో ఇంకోసారి ఉంటుంది. ఐడీ వేరు కాబట్టి డేటాబేస్ కిమ్మనదు. బ్రాంచి ఐడీ మీద గ్రూప్ బై చేస్తే, అంటే బ్రాంచివారీగా కూడితే, ఆ బ్రాంచి మొత్తం రెండు ముక్కలవుతుంది. కోడే కీ అయితే ఆ రెండో వరుస అసలు ఎక్కదు.

పట్టిక_పంతులు:
డూప్లికేట్ల సంగతి నిజమే. ఐడీ పెట్టి చేతులు దులుపుకునేవాళ్ల వల్లే ఆ తిప్పలు. ఐడీతో పాటు ఐఎఫ్ఎస్‌సీ మీద యునీక్ (ఒకే విలువ రెండోసారి రాకూడదు), నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదు) రెండూ ఉండాలి. అదీ చాలదు. ఐఎఫ్ఎస్‌సీలో మొదటి నాలుగూ అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. ఎంట్రీ చేసేవాళ్లు అక్కడ సున్నాకి బదులు ఇంగ్లిషు ఓ కొడతారు. యునీక్‌కి అది వేరే కోడ్, హాయిగా లోపలికి వదిలేస్తుంది. విలువ ఏ రూపంలో ఉండాలో చెప్పే చెక్ కన్‌స్ట్రెయింట్ పెడితేనే ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0.16 కంటే పాతదైతే చెక్ రాసినా పట్టించుకోదు, వెర్షన్ చూసుకోండి.

క్యాస్కేడ్ మాత్రం ఇక్కడ వద్దే వద్దు. 2019లో ఒక రైతుకి ఏఎన్‌డీబీ కోడ్‌తో డబ్బు పంపారనుకోండి. క్యాస్కేడ్ నడిచాక అదే వరుసలో యూబీఐఎన్ కనిపిస్తుంది. 2019లో ఆ బ్రాంచికి ఆ కోడే లేదు! ఆడిటర్ బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టి చూస్తే రెండూ కలవవు. పైగా మైఎస్‌క్యూఎల్ 8లో క్యాస్కేడ్ మార్చిన చైల్డ్ వరుసలకి ట్రిగ్గర్లు (మార్పు జరగగానే వాటంతట అవే నడిచే చిన్న ప్రోగ్రాములు) నడవవు. మార్పుల లాగ్ ట్రిగ్గర్ల మీదే ఆధారపడితే, ఆ మార్పు జరిగినట్టు అందులో ఆనవాలే ఉండదు. రైతు తన డబ్బు ఎటు పోయిందని అడిగితే చూపించడానికి రికార్డు ఉండాలి కదా.

అందుకే చెల్లింపుల టేబుల్లో బ్రాంచి ఐడీతో పాటు, ఆ రోజు పంపిన ఐఎఫ్ఎస్‌సీ, ఖాతా నంబరు కూడా కాపీ చేసి పెట్టండి. తర్వాత వాటి జోలికి వెళ్లొద్దు. నార్మలైజేషన్ (ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయకూడదనే పద్ధతి) చెడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బ్రాంచికి ఇప్పుడున్న కోడ్ ఒక విషయం, ఆ రోజు పంపిన కోడ్ వేరే విషయం.

రాత్రిషిఫ్ట్:
పాత చెల్లింపుల సంగతి ఒప్పుకుంటాను పంతులు గారూ. కానీ ప్రతి చిన్న టేబుల్‌కీ ఐడీ అంటే ఒప్పుకోను. ఆవు పాలు, గేదె పాలు అని రెండే వరుసలున్న టేబుల్‌కి ఐడీ దేనికి? జిల్లాలకైనా కోడ్ చాలు, క్యాస్కేడ్ చాలు.

ఓరుగల్లు_డెవ్:
పాల రకానికి చాలు తమ్ముడూ, ఆ కోడ్ మనం పెట్టుకున్నదే. జిల్లాలకి చాలదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కృష్ణాలో మచిలీపట్నం అక్కడే ఉంది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి, నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. ఒక కోడ్ మూడుగా చీలితే క్యాస్కేడ్ దేన్ని దేనిగా మారుస్తుంది? ఏ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో చెప్పే టేబుల్ కావాలి.

కృష్ణాతీరం:
మా సొసైటీకి నూజివీడు వైపు రైతులూ ఉన్నారు, జిల్లాల సంగతి నాకు తట్టనే లేదు. ఐడీ, యునీక్, చెక్ పెట్టి, చెల్లింపుల్లో కోడ్ కాపీ ఉంచేలా స్కీమా మారుస్తాను. కాపీ ఉంటే నా రిపోర్టుకి జాయిన్ కూడా తప్పుతుంది. పంతులు గారూ, ఆ తేదీల టేబుల్లో ఇప్పటికీ నడుస్తున్న వరుసకి ముగింపు తేదీ నల్ (ఖాళీ) ఉంచాలా, 9999 సంవత్సరం పెట్టాలా?

పట్టిక_పంతులు:
నల్. 9999 పెడితే రెండు తేదీల మధ్య వెతికే బిట్వీన్ రాయడం సుళువే కానీ, రిపోర్టులో అది నిజం తేదీలా వచ్చి కూర్చుంటుంది. రాత్రిషిఫ్ట్ దీనికీ ఒప్పుకోరని తెలుసు, వేరే థ్రెడ్ తెరవండి.