మాంసం తినేవాళ్లం ఫర్ ఫారాలు మూసేయమనొచ్చా?

చిన్నసందేహం:
రెండు రోజులుగా మా బావతో వాదన. బొచ్చు (ఫర్) కోసం మింక్‌లనీ (చూడ్డానికి ముంగిసలా ఉండే చిన్న జంతువు) నక్కలనీ పెంచే ఫారాలను నిషేధించాలన్నాను. "మాంసం మానవు గానీ మింక్ మీద జాలా? గురివింద గింజ సామెత నీకోసమే పుట్టింది" అన్నాడు. జవాబు తోచలేదు. కోడిని పెంచడానికీ దీనికీ తేడా ఏమిటి? నిషేధం పెట్టిన చోట ఏమైంది?

సూటిమాట:
తిండి అవసరం, ఫర్ కోటు సోకు. అంతే. దీనికింత చర్చెందుకు?

పాతచేతులు:
'సోకు' అన్నంత మాత్రాన తేలదండీ. మనం వేసుకునేవాటిలో సోకు కానివి ఎన్ని?

డెన్మార్క్‌లో చదువుకునేటప్పుడు డబ్బు కోసం ఒక నవంబరంతా మింక్ ఫారంలో పనిచేశాను. పొడవాటి షెడ్డు, రెండు వైపులా తీగ బోనులు. పెంట కిందికి పడిపోవాలని అడుగు కూడా తీగే. చేపల, కోళ్ల వ్యర్థాలు రుబ్బిన ముద్దను బోను పైన పెడితే, తీగల సందుల్లోంచి నాకి తినేవి. పారేసేదాన్ని వాడుతున్నామని రైతులు గొప్పగా చెప్పేవారు, అది నిజమే కూడా.

కానీ మింక్ నీటి ఒడ్డున ఒంటరిగా తిరిగే వేట జంతువు. ఈదుతుంది, మునుగుతుంది. అక్కడ దానికి నీళ్లంటే తాగే గొట్టం ఒక్కటే. కొన్నయితే ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ ఈ మూలకు, గంటల తరబడి అదే నడక. నా పని వాటిని పట్టి గ్యాస్ పెట్టెలో వేయడం. మందపాటి గ్లవ్స్ ఉన్నా కరిస్తే తెలిసేది. కోడి వేల ఏళ్లుగా మనిషి దగ్గర ఉంది. మింక్ బోనుకొచ్చి రెండొందల ఏళ్లు కూడా కాలేదు. మీ బావగారికి నేను చెప్పే తేడా అదే. కోళ్ల బోనుల సంగతి అడిగితే మాత్రం నా దగ్గరా జవాబు లేదు.

మా యజమాని చెడ్డవాడేం కాదు. 2020 నవంబరులో, మింక్‌లలో మారిన కరోనా వైరస్ మనుషులకు సోకుతోందని, దేశంలో ఉన్న కోటిన్నరకు పైగా మింక్‌లను చంపమన్నారు. ఆ ఆదేశానికి చట్టబలమే లేదని తర్వాత తేలి వ్యవసాయ మంత్రి రాజీనామా చేశాడు. హడావిడిగా పూడ్చిన కళేబరాలు ఉబ్బి మట్టిలోంచి పైకి తేలాయి. ఆ ఫొటోలు చూశాక ఆయనకు ఫోన్ చేద్దామనుకున్నాను, చేయలేకపోయాను.

లెక్కలపిచ్చి:
నిషేధం సంగతి: ఇంగ్లండ్, వేల్స్‌లకు 2000లోనే చట్టం వచ్చింది. పెంపకం ఆగింది, దిగుమతి ఆగలేదు. అలాంటప్పుడు బోను దేశం మారుతుంది, అంతే. కాలిఫోర్నియా 2023 నుంచి కొత్త ఫర్ అమ్మకాన్నే ఆపింది, అది నయం. నెదర్లాండ్స్ రైతులకు 2024 దాకా గడువిచ్చింది గానీ, కరోనాతో 2021లోనే ముగించేసింది. ఇక 'నకిలీ ఫర్' అంటే దాదాపు ప్లాస్టిక్ పోగులే, అది ఇంకో తలనొప్పి.

చిన్నసందేహం:
బావకి చదివి వినిపించాను. "మూసేయడం దేనికి, బోను పెద్దది చేసి ఈత తొట్టి పెట్టమంటే సరిపోదా?" అంటున్నాడు.

పాతచేతులు:
జర్మనీ సరిగ్గా అదే చేసింది. పెద్ద బోను, మింక్‌కి ఈత తొట్టి తప్పనిసరి అంది. ఖర్చు గిట్టక చివరి ఫారం 2019లో మూతపడింది.