పోస్టులో వచ్చే పత్రికలు నలిగి, తడిసి చేరుతున్నాయి. చెన్నైలో ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారు?

వేళచ్చేరి_వాసంతి
అందరికీ నమస్కారం. నాకు హైదరాబాదు నుంచి ఒక మాసపత్రిక, విజయవాడ నుంచి ఒక త్రైమాసిక పోస్టులో వస్తాయి. ఈసారి మాసపత్రికను చూస్తే ఏడుపొక్కటే తక్కువ. మధ్యకు మడిచి, రబ్బరు బ్యాండ్ వేసి, లెటర్ బాక్స్ నోట్లో కుక్కారు. సగం లోపల, సగం బయట. బయటున్న సగం వానకు నాని, ముఖచిత్రం రంగంతా పక్కనే ఉన్న కరెంటు బిల్లుకు అంటుకుంది. లోపల కథల పేజీలు నాలుగు కలిసి అట్టలా అయ్యాయి.
నాకు తెలియాల్సినవి: ప్యాకింగ్ మార్చమంటే పత్రికల వాళ్ళు వింటారా? స్పీడ్ పోస్టుకు మారడం దండగా? ఫిర్యాదు ఎక్కడ చేయాలి? షోళింగనల్లూరులో మా ఆఫీసు అడ్రసుకు తెప్పించుకుంటే నయమా?

పెరంబూరు_పాతకాపు
నలిగైనా వస్తున్నాయి కదమ్మా, అదృష్టవంతులు. నాకు ఉగాది సంచిక అసలు రానే లేదు. పత్రికాఫీసుకు ఫోన్ చేస్తే "మేం పోస్ట్ చేసేశామండీ" అంటారు. ఇక్కడ అడిగితే "మాకు రాలేదు సార్" అంటారు. ఇద్దరి మాటా నిజమే అయితే పత్రిక గూడూరు దగ్గర రైలు దిగిపోయి ఉండాలి. చందా ముందే కట్టించుకున్నాక ఇక మన గోడు ఎవరికి పడుతుంది?

ఓఎంఆర్_శ్రీను
ఇంకా పోస్టేంటండీ, పీడీఎఫ్ చదువుకోండి. తడవదు, చిరగదు, పోస్ట్‌మ్యాన్‌తో పేచీ లేదు.

మైలాపూరు_మామ్మగారు
శ్రీనూ, ఈ మాట ప్రతి చర్చలో ఎవరో ఒకరు అంటారు. ఈసారి నీ వంతు వచ్చింది. అనేశావుగా, ఇక కూర్చో నాయనా.

ప్రెస్సు_పెద్దన్న
రాయపేటలో ప్రెస్సు నడిపినవాణ్ణి కాబట్టి కాస్త అధికారంతోనే చెబుతున్నా. పత్రిక పాడవడం పోస్టాఫీసులో మొదలవదు, బైండింగ్ దగ్గరే మొదలవుతుంది. సెంటర్ పిన్, అంటే మధ్య మడత మీద పిన్ను కొట్టిన పత్రికను చుట్టినా మడిచినా, తర్వాత నాలుగు లావుపాటి పుస్తకాల కింద పెడితే దారికొస్తుంది. గమ్ బైండింగ్ అలా కాదు. చదునుగా వీపు ఉంటుంది చూడండి, అది. దాన్ని చుట్టారంటే వీపు మీది గమ్ పగులుతుంది, చదువుతుంటే పేజీలు ఒక్కొక్కటే చేతికొస్తాయి. త్రైమాసికల్లో ఎక్కువ భాగం గమ్ బైండింగే.
"ప్యాకింగ్ బాగా చేయండి" అని రాస్తే ఏ ఆఫీసులోనూ ఎవరూ కదలరు. "చుట్టకండి, ఫ్లాట్‌గా పంపండి, వెనక ఒక అట్ట పెట్టండి" అని రాయండి. అప్పుడు చేసేవాడికి ఏం చేయాలో తెలుస్తుంది.
ఇంకో సంగతి. కట్టలో అన్నిటికన్నా పైనా, అన్నిటికన్నా కిందా ఉన్న కాపీలే దెబ్బ తింటాయి. పురికొస బిగించి కడతారు కదా, అది అంచుల్లో కోసుకుపోతుంది. మీ కాపీ అంచున సన్నటి గాటు ఉంటే పాపం పోస్ట్‌మ్యాన్‌ను తిట్టకండి.

టీనగర్_టీచర్
పెద్దన్నగారూ, ఒప్పుకోను. నాకు చుట్టి పంపినవే క్షేమంగా చేరాయి. ఫ్లాట్‌గా వచ్చిన ప్రతిదాన్నీ మధ్యకు మడిచే ఇచ్చారు. చుట్టినదాన్ని ఇక మడవలేరు కదా, గేటు గ్రిల్లులో దోపేసి పోతారు.

ప్రెస్సు_పెద్దన్న
గ్రిల్లులో దోపితే నడుము దగ్గర నలగదా? పైగా చుట్టకు రెండు చివర్లూ తెరిచే ఉంటాయి. తక్కువ రేటుకు వెళ్ళే అచ్చు సరుకును లోపల ఏముందో చూడటానికి వీలుగా చివర్లు తెరిచి ఉంచాలన్నది పాత రూలు. సంచిలో మిగతా వాటికి తగిలేవి ఆ చివర్లే. కుక్క కొరికినట్టు మూలలు వచ్చేది అందుకే.

టీనగర్_టీచర్
మా ఇంటికి వచ్చి చూడండి. చుట్టి వచ్చినవి సంవత్సరాల వారీగా బీరువాలో ఉన్నాయి. రాగానే ఎదురు చుట్ట చుట్టి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తిన్నగా అయిపోతాయి.

ప్రెస్సు_పెద్దన్న
ఎదురు చుట్టా! గమ్ బైండింగ్‌కు ఎదురు చుట్ట చుడితే ఇక ఆ పుస్తకం వీపు సంగతి దేవుడే చూసుకోవాలి.

టీనగర్_టీచర్
నేను మాట్లాడుతున్నది పిన్ను పత్రికల గురించి.

ప్రెస్సు_పెద్దన్న
పిన్నువాటికి ఫర్వాలేదని నా మొదటి పోస్టులోనే రాశాను కదా టీచరమ్మా. పిల్లలకు ప్రశ్న సరిగ్గా చదివి జవాబు రాయమని చెప్పేది మీరే.

టీనగర్_టీచర్
వృత్తి మీదికి పోకండి. ప్రెస్సు వాళ్ళు అచ్చుతప్పులు సరిగ్గా చూసి ఉంటే మా వృత్తిలో సగం పని తగ్గేది.

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త నెమ్మది. విషయం మీద ఉండండి.

వేళచ్చేరి_వాసంతి
చూశాను. మాసపత్రిక పిన్ను, త్రైమాసిక గమ్ము. అట్ట పెట్టమని త్రైమాసిక వాళ్ళకు రాస్తాను. ఆఫీసు అడ్రసు సంగతి ఎవరైనా చెబుతారా?

అంబత్తూరు_ఆనందం
వానాకాలంలో ఒక్కటే మందు, ప్లాస్టిక్ కవరు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా దీపావళి సంచికలు, లావుపాటి ప్రత్యేక సంచికలు వచ్చే కాలం. ఆ మూడు నెలలైనా కవరు వేయమనండి, రూపాయో రెండో ఎక్కువ తీసుకోమనండి.

టీనగర్_టీచర్
తమిళనాడులో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2019 జనవరి 1 నుంచి నిషేధించారు. గుర్తుందా?

అంబత్తూరు_ఆనందం
కవరు వేసేది విజయవాడలో అమ్మా. మీ స్కూలు పక్క టీకొట్లో పార్సిల్ సాంబారు దేంట్లో కడుతున్నారో ముందు చూసి రండి.

మైలాపూరు_మామ్మగారు
ప్లాస్టిక్ సంగతి నాకు తెలుసు. మూత సరిగ్గా అతికించకపోతే ఒక మూల నుంచి నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు. పత్రిక అందులోనే ఉడుకుతుంది. అంతకన్నా కవరు లేకపోవడమే మేలు, ఫ్యాను కిందైనా ఆరుతుంది.
వాసంతీ, నాలుగు పేజీలు అట్టలా అయ్యాయన్నావు చూడు, అది నునుపు కాగితం కదూ? ఆర్ట్ పేపర్ మీద తెల్లమట్టి పూత ఉంటుంది. తడిస్తే ఆ పూత మెత్తబడుతుంది, పేజీలు అంటుకున్నట్టే ఆరితే అతుక్కుపోతుంది. ఆరాక విడదీస్తే అచ్చు ఊడి ఎదురు పేజీకి వెళ్తుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడే, లాగకుండా, పైమూల నుంచి ఒక్కో పేజీ నెమ్మదిగా లేపి మధ్యలో బట్టర్ పేపర్ పెట్టాలి. ఇస్త్రీ పెట్టె జోలికి పోకు.
ఆ రోజు తీరిక లేకపోతే జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో పడేయి. గడ్డకట్టినన్నాళ్ళు అంటుకోదు, బూజు పట్టదు. బయటుంచితే మన ఊరి ఉక్కకు రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. తీరిక దొరికినప్పుడు తీసి ఆరబెట్టుకో. 2015 డిసెంబరు వరదల్లో మా చెల్లెలి ఇంట్లో పుస్తకాలను ఇలాగే కొంతవరకు దక్కించుకున్నాం.

ఓఎంఆర్_శ్రీను
ఫ్రీజర్లో పత్రికా? బఠాణీల పక్కనా మామ్మగారూ?

మైలాపూరు_మామ్మగారు
అవును నాయనా, ఐస్‌క్రీం కింద. నీ పీడీఎఫ్‌ను కూడా పెట్టనా?

పెరంబూరు_పాతకాపు
ఇన్ని తంటాలెందుకు. దీపావళికీ పొంగల్‌కూ పోస్ట్‌మ్యాన్ చేతిలో ఏదో ఒకటి పెట్టండి. పత్రిక నడుచుకుంటూ గుమ్మం దాకా వస్తుంది. మా వీధిలో అందరూ చేసేదే.

టీనగర్_టీచర్
దాన్ని లంచం అంటారు. జీతం తీసుకుంటున్న పనికి మళ్ళీ ఇనాం ఎందుకు?

చిత్తూరు_చిన్నోడు
ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నా, ఇప్పుడు రాయక తప్పట్లేదు. మా నాయన పోస్ట్‌మ్యాన్. పండక్కి ఎవరైనా ఓ స్వీటు పెట్టె ఇస్తే దాన్ని లంచం అనే నోళ్ళు, ఎండలో సంచి మోసుకొచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చాయా? లిఫ్టు లేని మూడో అంతస్తుకు రమ్మంటారు. కుక్కను కట్టేయరు. మడిచాడని తిడతారు సరే, మీ పెట్టె నోరు ఎంతుందో ఎప్పుడైనా కొలిచారా? ఏ4 సైజు పత్రిక వెడల్పే 21 సెంటీమీటర్లు. మా అపార్ట్‌మెంట్లో బిల్డర్ పెట్టిన పెట్టెల నోరు నా జానెడు కూడా లేదు. అందులో మడవకుండా ఎలా వేస్తారో మీరే వేసి చూపండి.
వాసంతక్కా, పెట్టె మార్చండి. పైన మూత తెరుచుకునే పెద్ద పెట్టె, మూత ముందుకు రెండంగుళాలు వాలి ఉండాలి, అడుగున నీళ్ళు పోవడానికి చిల్లులుండాలి. వేళచ్చేరి అంటున్నారు, వానకు నీళ్ళు నిలిచే చోటు కాబట్టి స్టిల్ట్ పార్కింగ్ (స్తంభాల మధ్య బండ్లు పెట్టే కింది అంతస్తు) గోడకు కింది వరసలో మాత్రం పెట్టించుకోకండి.

టీనగర్_టీచర్
మీ నాన్నగారిని నేను అనలేదు తమ్ముడూ. ఇనాం అలవాటు గురించి అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

చిత్తూరు_చిన్నోడు
ఉండండక్కా. పెట్టె మాత్రం కొలవండి.

రూల్స్_రంగారావు
ఇక్కడ ఎవరికీ రూల్సు తెలిసినట్టు లేదు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్త సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకైతే 100. ట్రాకింగ్ కూడా ఉంది. పత్రికల వాళ్ళను అందులో పంపమనండి, గొడవ వదిలిపోతుంది.

ప్రెస్సు_పెద్దన్న
రంగారావుగారూ, రూలు చివరిదాకా చదవండి. జ్ఞాన్ పోస్ట్ పాఠ్యపుస్తకాలకూ సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకూ. క్రమం తప్పకుండా వచ్చే పత్రికలను అందులో తీసుకోరు. ప్రకటనలుంటే అసలే తీసుకోరు.

రూల్స్_రంగారావు
కౌంటర్లో అన్నీ చూస్తారా ఏంటి.

ప్రెస్సు_పెద్దన్న
రూల్సు రంగారావు అని పేరు పెట్టుకుని మీరే ఈ మాట అనాలా?
సరే, అసలు లెక్క ఇది. రిజిస్టర్ చేసుకున్న పత్రికలకు పోస్టు రేటు దశాబ్దాలుగా పైసల్లోనే ఉంటూ వచ్చింది. పత్రిక పోస్టులో బతికింది ఆ రాయితీ వల్లే. కానీ అది 31 రోజులకు మించని ఎడంతో వెలువడే వాటికే. త్రైమాసికకు ఆ రాయితీ రాదు, వాళ్ళు కాపీకి చాలా ఎక్కువ పెట్టుకుంటున్నారు. వాళ్ళ దగ్గర అట్టకు డబ్బుల్లేవంటే నిజంగానే ఉండకపోవచ్చు. అట్ట ఖర్చు మీరే ఇస్తానని రాయండి, మర్యాదగా ఉంటుంది.
స్పీడ్ పోస్టు అంటారా, 250 గ్రాముల లోపు కాపీకి హైదరాబాదు నుంచి ఇక్కడికి 60 దాటుతుంది, పైన 18 శాతం జీఎస్టీ. పత్రిక ధర అంతుండదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి మధ్యేమార్గం కూడా లేదు. రెండు మూడు సంచికలు కలిపి ఒకే ప్యాకెట్టుగా పంపమంటే గిట్టుబాటు.

వేళచ్చేరి_వాసంతి
కలిపి పంపితే సీరియల్ ఆగిపోతుందండీ. అయినా త్రైమాసికకు అట్ట సంగతి రాసేశాను, ఖర్చు నాదే అన్నాను. మరి ఫిర్యాదు?

అంబత్తూరు_ఆనందం
కేంద్ర ప్రభుత్వపు సీపీగ్రామ్స్ సైటులో పెట్టొచ్చు. కాకపోతే మామూలు పోస్టుకు నంబరుండదు, ఏ కాపీ ఎక్కడ తడిసిందో ఎవరు తేలుస్తారు? ఫొటో, పత్రిక మీద అచ్చేసిన పోస్టింగు తేదీ, మీకు అందిన తేదీ, మూడూ కలిపి పెట్టండి. వరసగా కొన్ని నెలలవి ఉంటే ఒక పద్ధతి కనబడుతుంది. ఒక్క సంచికకే పెడితే "చింతిస్తున్నాం" అని జవాబొస్తుంది.

పెరంబూరు_పాతకాపు
ఒకప్పుడు ఇవన్నీ ఇక్కడి నుంచే వెళ్ళేవి కదండీ. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి మద్రాసుకు వచ్చింది. 1924లో భారతి ఇక్కడే పుట్టింది. 1947 జూలైలో చందమామ ఇక్కడే. మద్రాసులో అచ్చయి ఆంధ్రదేశమంతా వెళ్ళేవి. ఇప్పుడు అక్కడ అచ్చయినది మనకు రావడానికి ఈ అగచాట్లు.

మైలాపూరు_మామ్మగారు
అప్పుడు మాత్రం నలగలేదా ఏంటి. మా ఊళ్ళో పోస్టు మాస్టారి పిల్లలు చదివాకే చందమామ మా ఇంటికి వచ్చేది. నూనె మరకలతో సహా.

కోడంబాక్కం_కథలపిచ్చి
కొత్తగా చేరాను. నా సమస్య వేరు. నాకు ఎవరిదో పత్రిక వస్తోంది! లేబులంతా తెలుగులో ఉంది, పిన్‌కోడు ఒక్కటే అంకెల్లో. వేళచ్చేరి 600042 బదులు 600024 అని అచ్చేశారు. పోస్ట్‌మ్యాన్‌కు తెలుగు రాదు. ఈ పేటలో తెలుగు చదివేది మేమేనని తెచ్చి మాకే ఇస్తున్నాడు.

పెరంబూరు_పాతకాపు
అదిగో! నా ఉగాది సంచిక కూడా ఏ వడపళనిలోనో ఎవరో చదువుతున్నారన్నమాట.

చిత్తూరు_చిన్నోడు
అందరూ లేబుల్ మీద అడ్రసు ఇంగ్లీషులో వేయమని పత్రికకు రాయండి. సార్టింగు చేసేవాళ్ళకు తెలుగు రావాలని లేదు. పిన్ ఒక అంకె తారుమారైతే మిగతా అడ్రసు చదివి సరిదిద్దేది వాళ్ళే.

వేళచ్చేరి_వాసంతి
కథలపిచ్చి గారూ, ఆ లేబుల్ మీద పేరు నాది కాదు కదా?

కోడంబాక్కం_కథలపిచ్చి
మగవాళ్ళ పేరండీ, మీది కాదు. ఏం చేయాలంటారు?

టీనగర్_టీచర్
చేయడానికేముంది. సరైన పిన్ పైన ఇంగ్లీషులో రాసి మళ్ళీ పోస్టు డబ్బాలో వేయండి. విప్పలేదు కదా?

కోడంబాక్కం_కథలపిచ్చి
విప్పాను, చదివేశాను కూడా. అందులో సీరియల్ మంచి పట్టులో ఉంది. వచ్చే నెలది కూడా వచ్చాక రెండూ కలిపి పంపేస్తే ఆయనేమైనా అనుకుంటాడంటారా?

టీనగర్_టీచర్
అనుకోడు, తిడతాడు.

ప్రెస్సు_పెద్దన్న
పంపేటప్పుడు మాత్రం చుట్టకండి.

టీనగర్_టీచర్
చుట్టే పంపండి.