1948లో నిజాం హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం జరిపిన పోలీస్ చర్యపై జంతువుల బొమ్మలతో వచ్చిన కార్టూన్ ఎక్కడైనా చూశారా?

హన్మకొండలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్తాను. సెప్టెంబర్ 17న స్కూల్లో పెట్టే ప్రదర్శన కోసం యుద్ధాల మీద వచ్చిన పాత కార్టూన్ల ప్రింట్లు తీయించాను.

1857 ఆగస్టులో లండన్ 'పంచ్' పత్రికలో టెన్నియల్ గీసిన బొమ్మ పిల్లల్ని బాగా కదిలించింది. బెంగాల్ పులి మీదికి బ్రిటిష్ సింహం దూకుతుంటుంది, పులి కింద ఒక తల్లి, పసిబిడ్డ. తిరగబడిన మన సిపాయిలను క్రూరమృగంగా చూపించి, ప్రతీకారం న్యాయమే అనిపించేలా గీశారు. 1878 నాటి ఇంకో బొమ్మలో అఫ్గాన్ అమీర్ షేర్ అలీ మధ్యలో నిలబడితే అటు రష్యా ఎలుగుబంటి, ఇటు బ్రిటిష్ సింహం.

ఇవి చూసి ఒక పాప "సార్, మరి మన నిజాంను ఏ జంతువుగా గీశారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రెండు ఆదివారాలు ఇక్కడి లైబ్రరీలో కూర్చొని 1948 ఆగస్టు, సెప్టెంబర్ పేపర్ల బైండింగులు తిరగేశాను. సరిగ్గా సెప్టెంబర్ 13 నుంచి 18 దాకా పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. ఫోన్‌లో తెలుగులో, ఇంగ్లీషులో వెతికితే ఫోటోలే వస్తున్నాయి, కార్టూన్లు రావట్లేదు. కార్టూన్ల పత్రిక 'శంకర్స్ వీక్లీ' ఆ ఏడాదే మొదలైంది కాబట్టి అందులో ఉండొచ్చని ఆశ, కానీ పాత సంచికలు దొరకలేదు.

నిజాంను గానీ, రజాకార్లను గానీ, భారత సైన్యాన్ని గానీ జంతువుగా చూపించిన 1948 నాటి కార్టూన్ ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చిందో ఎవరైనా చెప్పగలరా?