కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు, మూత్రం ఎర్రగా వస్తోంది: అల్ట్రాసౌండ్ నార్మల్ అయితే చాలా?

ప్రశ్న (క్యాజువాల్టీ, టెక్కలి వైపు):
కవిటి వైపు మనిషి, 38 ఏళ్లు. నిన్న సాయంత్రం జారి ఎడమపక్కగా పడ్డాడు. పక్కంతా కమిలింది. బీపీ 110/70, పల్స్ 96. అల్ట్రాసౌండ్‌లో కడుపులో నీరు లేదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.9, ఎక్కువే. అందుకే కాంట్రాస్ట్ (సీటీ స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు) ఇస్తే కిడ్నీకి ఏమవుతుందోనని భయంగా ఉంది. ఇక్కడే ఉంచొచ్చా సార్?

జవాబు (యూరాలజీ):
అల్ట్రాసౌండ్ మీద ఆధారపడకండి. కిడ్నీ పెరిటోనియం (కడుపు లోపలి పొర) వెనకాల ఉంటుంది, అక్కడ చేరిన రక్తం చాలాసార్లు అందులో దొరకదు. మూత్రం కంటికే ఎర్రగా కనిపిస్తోందంటే కాంట్రాస్ట్ సీటీ చెయ్యాల్సిందే. అయితే ఎరుపుని బట్టి దెబ్బని అంచనా కట్టకండి. చిన్న కమిలింపుకే ఎర్రగా పోస్తుంది. రక్తనాళమో, యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం దింపే గొట్టం) మొదలో తెగితే మూత్రం తేటగానే ఉండొచ్చు.
సీటీ చీటీ మీద ‘10 నిమిషాల డిలేడ్ కావాలి’ అని మీరే రాయండి, అంటే కాంట్రాస్ట్ మూత్రంలోకి దిగాక మళ్లీ తీసే ఫిల్ములు. ముందే టేబుల్ మీంచి దించేస్తే మూత్రం లీకు తెలీదు. ఎడమపక్క కదా, కింది పక్కటెముకలు, ప్లీహం, వెన్ను కూడా చూడమనండి.

జవాబు (నెఫ్రాలజీ, శ్రీకాకుళం):
రెండో కిడ్నీ బాగుంటే ఒక్కదానికి దెబ్బ తగిలి ఇంత తొందరగా 1.9కి రాదు. కవిటి అంటే ఉద్దానం మనిషి కాబట్టి పాత రిపోర్టులు అడగండి. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం చప్పుడు లేకుండా ఉంటుంది. లీకైన మూత్రం లోపల ఇంకినా క్రియాటినిన్ పెరుగుతుంది, అది తేల్చేదీ సీటీయే. సెలైన్ నడుపుతూ కాంట్రాస్ట్ ఇవ్వండి. డైక్లోఫెనాక్ (నొప్పి మందు), అమికాసిన్ (యాంటీబయాటిక్) మాత్రం వద్దు, రెండూ కిడ్నీకి చేటు. నొప్పికి పారాసెటమాల్ చాలకపోతే ట్రమడాల్ తక్కువ మోతాదులో.

జవాబు (సర్జరీ):
రెండు 18 గేజ్ కాన్యులాలు, రక్తం క్రాస్‌మ్యాచ్, 6 గంటలకోసారి హిమోగ్లోబిన్. ప్రతిసారీ కొంచెం మూత్రం టెస్ట్‌ట్యూబ్‌లో పట్టి, టైమ్ రాసి, వరసగా నిలబెట్టండి. రంగు పలచబడుతోందో చిక్కబడుతోందో డ్యూటీ మారినా ఒక్క చూపులో తెలుస్తుంది. ఎరుపు పోయేదాకా మంచం దిగనివ్వద్దు.
బీపీ నిలకడగా ఉంటే గ్రేడ్ 4 (ఐదు గ్రేడుల్లో తీవ్రమైన కిడ్నీ దెబ్బ) అయినా చాలావరకు కత్తి పెట్టక్కర్లేదు. తొందరపడి తెరిస్తే, చుట్టూ పొర అదిమిపట్టిన రక్తం ఒక్కసారిగా వదులుతుంది, చివరికి కిడ్నీయే తీసెయ్యాల్సొస్తుంది. ఇతనికి అది పోతే మిగిలేదెంత? హిమోగ్లోబిన్ పడుతుంటే ఎంబలైజేషన్ (సన్న గొట్టం పంపి, కారే రక్తనాళాన్ని లోపల్నుంచే మూసెయ్యడం). రక్తం ఎక్కించినా బీపీ నిలవకపోతేనే ఆపరేషన్.

ప్రశ్న అడిగినవారు:
మా దగ్గర ఎంబలైజేషన్ లేదు.

జవాబు (యూరాలజీ):
అయితే నిలకడగా ఉన్నప్పుడే విశాఖ పంపండి, పల్స్ 120 దాటాక కాదు. సీటీ మీ దగ్గరే తీస్తే ఫిల్ములతో పాటు సీడీ కూడా ఇవ్వండి. అక్కడ మళ్లీ తీస్తే కాంట్రాస్ట్ రెండోసారి ఎక్కించాల్సొస్తుంది. డిశ్చార్జ్ అయ్యాక మూడు వారాల్లోపు మూత్రం మళ్లీ ఎర్రబడితే అదే రోజు రమ్మని ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పండి, సూడోఎన్యూరిజం (దెబ్బతిన్న రక్తనాళం పక్కన ఉబ్బిన రక్తపు సంచి) పగిలేది ఎక్కువగా అప్పుడే. ఆ తర్వాత కూడా బీపీ చూపించుకుంటూ ఉండాలి.