హెడింగ్ ఇండికేటర్ 15 నిమిషాలకే తప్పుతోంది: లోపం జైరోలోనేనా?

డాలస్_172:
అందరికీ నమస్కారం. మేము నలుగురు మిత్రులం కలిసి డాలస్ దగ్గర ఒక పాత సెస్నా 172 చిన్న విమానాన్ని నడుపుకుంటున్నాము. బయలుదేరే ముందు దక్షిణ ముఖంగా ఆగి, దిక్సూచిని చూసి హెడింగ్ ఇండికేటరును (వేగంగా తిరిగే జైరో చక్రం ఆధారంగా విమానం ముఖం ఏ దిక్కున ఉందో చూపే పరికరం) సరిచేస్తాను. తూర్పుగా 15 నిమిషాలు తిన్నగా ఎగిరాక చూస్తే రెండింటి మధ్య 10 డిగ్రీలకు పైగా తేడా ఉంటోంది. మళ్ళీ సరిచేసి పడమరగా తిరిగి వస్తే తేడా సుమారు 20 డిగ్రీలకు చేరుతోంది. వర్క్‌షాపు వారు జైరో బేరింగులు అరిగాయని చెప్పి ఓవర్‌హాల్ చేసిన యూనిట్‌ను బిగించారు. డబ్బు పోయింది కానీ తేడా పోలేదు. వాక్యూమ్ గేజ్ (జైరోను తిప్పే గాలిని పంపు ఎంత బలంగా పీలుస్తోందో చూపేది) 4.8 అంగుళాల దగ్గర నిలకడగానే ఉంది.

హ్యాంగర్_పనివాడు:
సాధారణంగా 4.5 నుంచి 5.5 వరకు ఉండాలి కనుక పంపును అనుమానించనక్కరలేదు. గాలి ఫిల్టరును ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్కులో చూడండి. ఇంజిన్ ఆపిన తరువాత హెడ్‌సెట్ తీసి వినండి. బేరింగులు బాగుంటే జైరో చాలాసేపు మెత్తగా తిరిగి ఆగుతుంది, అరిగితే గరగరమంటుంది.

బేగంపేట_పూర్వవిద్యార్థి:
భూభ్రమణం వల్ల కూడా జైరో తప్పినట్లు కనిపిస్తుందని మరువకండి. గంటకు 15 డిగ్రీలను అక్షాంశపు సైన్ విలువతో గుణిస్తే ఆ తేడా వస్తుంది. నేను శిక్షణ పొందిన హైదరాబాదులో అది గంటకు నాలుగున్నర డిగ్రీలే. మీ దగ్గర దాదాపు 8, అంటే పావుగంటకు 2. అప్పట్లో పావుగంటకు 3 డిగ్రీలు మించితే మేము స్నాగ్ (లోపం ఉందని ఫిర్యాదు) రాసేవాళ్ళం. మీరు చెప్పే 10, 20 డిగ్రీలు ఈ లెక్కకు అందవు.

బోధకుడు_ఉత్తరవాహిని:
అసలు తప్పు చెబుతున్నది జైరోయేనని ఎలా నిర్ధారించారు? మీరు దానిని దిక్సూచితోనే పోలుస్తున్నారు. ఆ దిక్సూచిని దేనితోనూ పోల్చలేదు. జైరో దోషం కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది, దిక్సూచి దోషం విమానం ముఖం తిప్పిన దిక్కును బట్టి మారుతుంది. తూర్పున ఒక విధంగా, పడమర ఇంకొక విధంగా ఉందని మీరే రాశారు కనుక నా అనుమానం రెండవదాని మీద.

ఆప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద గీసిన కంపాస్ రోజ్ (దిక్కుల గీతలున్న వృత్తం) ఉంటే దాని మీద విమానాన్ని నిలిపి, ఇంజిన్, రేడియోలు నడుస్తుండగా ప్రతి 30 డిగ్రీలకూ రీడింగు రాసుకోండి. రన్‌వే అంకెను ప్రమాణంగా తీసుకోవద్దు. అది దగ్గరి పదికి సవరించిన సంఖ్య, 5 డిగ్రీల దాకా తేడా ఉండవచ్చు. తరువాత పిటో హీటు (వేగం కొలిచే గొట్టాన్ని వేడిచేసేది), ల్యాండింగ్ లైటు ఒక్కొక్కటే వేసి, ఆపి, దిక్సూచిలోని అంకెల కార్డు కదులుతుందేమో గమనించండి. గాలిలోనైతే వేగం స్థిరపడ్డాకే చదవాలి, ఎందుకంటే ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలకు ఎగురుతూ వేగం పెంచితే దిక్సూచి ఉత్తరం వైపు తిరిగినట్లు చూపుతుంది.

డాలస్_172:
శనివారం చూశాము. తూర్పు ముఖంగా 11 ఎక్కువ, పడమర ముఖంగా 10 తక్కువ, ఉత్తర దక్షిణాలలో ఒకటి రెండు మాత్రమే. స్విచ్‌లు వేసినా ఆపినా మార్పు లేదు. అప్పుడు మా భాగస్వామి ఒకాయన, కాస్త సిగ్గుపడుతూ, దిక్సూచికి జానెడు దూరంలో తాను అంటించిన ఫోన్ హోల్డరును చూపించారు. దాని వెనుక అయస్కాంతం ఉంది! తీసివేసి మళ్ళీ కొలిస్తే ఏ దిక్కునా 2 డిగ్రీలు మించలేదు. దక్షిణ ముఖంగా ఆగి సరిచేయడం వల్ల బయలుదేరేటప్పుడు అంతా సరిగ్గా కనిపించి మమ్మల్ని మోసగించింది. పాత జైరోను అనవసరంగా ఇచ్చేశామని ఇప్పుడు తెలిసింది.

హ్యాంగర్_పనివాడు:
ఫిల్టరు దగ్గరే ఆగిపోయాను, మన్నించాలి. దిక్సూచి బిగింపులో ఇత్తడి స్క్రూలకు బదులు ఎవరైనా ఉక్కువి వాడారేమో కూడా చూసి, స్వింగ్ (అన్ని దిక్కులకూ తిప్పి దిక్సూచిని సరిచేయడం) చేయించి కొత్త డీవియేషన్ కార్డు (మిగిలిన తేడాల పట్టిక) పెట్టించండి.

డాలస్_172:
స్క్రూలు ఇత్తడివే. స్వింగ్ వచ్చే వారం. ఇన్నాళ్ళూ వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం నుంచి దిశ తెలిపే పరికరం) కూడా తప్పు చూపి ఉంటుందా?

బోధకుడు_ఉత్తరవాహిని:
లేదండి. వీఓఆర్ సూది దిక్సూచి మీద ఆధారపడదు. దానిని వేరుగా పరీక్షించుకోవాలి: ఇక్కడి నియమాల ప్రకారం నేల మీద పరీక్షా సంకేతంతో 4 డిగ్రీలు, గాలిలో 6 డిగ్రీల వరకు తేడా అనుమతిస్తారు. సూది చూపిన రేడియల్‌ను (ఆ కేంద్రం నుంచి వెళ్ళే దిశా రేఖను) పట్టుకొని మీరు తిప్పిన ముఖమే తప్పు.