ఇల్లు అమ్మేటప్పుడు బేరానికి కలిపి చెప్పాలా, తెగే ధరే చెప్పాలా?

పెరటిగుమ్మం:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు కట్టిన ఇల్లు అన్నయ్యా నేనూ కలిసి అమ్మకానికి పెడుతున్నాం. రెండు విషయాల్లో మా ఇద్దరికీ మాట కలవడం లేదు.

మొదటిది ధర. ‘ఎంత చెప్పినా కొనేవాళ్లు తగ్గించమనే అంటారు, మనం అనుకున్నదానికి 15 శాతం కలిపి చెబుదాం. చెప్పాక తగ్గొచ్చు గానీ పెంచలేం కదా’ అని అన్నయ్య అంటున్నాడు. చుట్టుపక్కల ఎంతకు తెగుతున్నాయో చూసి దాదాపు అంతే చెబుదామని నేనంటున్నాను. రెండోది రిపేర్లు. ‘కొన్నవాళ్లు వాళ్లకు నచ్చినట్టు మార్చుకుంటారు, మనం డబ్బు పెట్టడం దండగ’ అన్నది అన్నయ్య మాట. ఇల్లు కట్టి 22 ఏళ్లయింది. కట్టడం గట్టిదే. కానీ బాత్రూమ్‌ను ఆనుకుని ఉన్న పడకగది గోడకు మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఉంది. పెయింట్ పొక్కులు లేచి, కింద నేల మీద తెల్లటి పొడి రాలుతోంది. వంటింట్లో అల్మారా తలుపులు రెండు కిందికి వాలిపోయాయి. లోపల చాలా చీకటిగా అనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం:
మీ అన్నయ్య మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ముందు చెప్పిన అంకె మనిషి మనసులో పాతుకుపోతుందని పరిశోధనలే చెబుతున్నాయి. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని టూసాన్‌లో ఒకే ఇంటిని కొందరు విద్యార్థులకు, కొందరు రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు చూపించారు. ఇంటి వివరాలన్నీ కాగితాల మీద ఇచ్చారు. అందరికీ అవే వివరాలు, చెప్పిన ధర మాత్రం ఒక్కో గుంపుకు ఒక్కోటి. ఎక్కువ ధర చూసినవాళ్లు ఇంటికి ఎక్కువ విలువ కట్టారు, తక్కువ చూసినవాళ్లు తక్కువ కట్టారు. ఏజెంట్లు కూడా అంతే. తమ మీద ఆ ధర ప్రభావం లేదని వాళ్లలో చాలామంది అనుకున్నారు కూడా. అదే వృత్తిలో ఉన్నవాళ్ల పరిస్థితే ఇదైతే మామూలు కొనుగోలుదారు ఎంత? మొదట తక్కువ చెబితే బేరం అక్కడి నుంచే కిందికి మొదలవుతుంది.

తాళంచెవి:
ఇళ్ల అమ్మకాల్లో చాలాకాలం మధ్యవర్తిగా పనిచేశాను. పై పరిశోధన సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ఏజెంట్లను పిలిచి మరీ ఇంటికి తీసుకెళ్లారు. నిజంగా కొనేవాళ్లను అలా ఎవరూ తీసుకురారు. వాళ్లు తమ బడ్జెట్ ఎంతో వేసుకుని, ఆ పైనున్నవి తీసేసి వెతుకుతారు. మీ ఇల్లు 100కి తెగేదనుకోండి. 115 చెబితే, 100 నుంచి 105 దాకా పెట్టగలిగినవాళ్లకు అది కనిపించనే కనిపించదు. 115 పెట్టగలిగినవాళ్లకు కనిపిస్తుంది. వాళ్లు అదే రోజు నిజంగా 115 విలువ చేసే ఇంకో ఇల్లు కూడా చూస్తారు. దాని పక్కన మీది వెలవెలపోతుంది. అంటే పక్కింటిని అమ్మిపెట్టడానికి మీ ఇల్లు పనికొస్తుంది.

కొత్తగా అమ్మకానికి వచ్చిన ఇంటికి మొదటి రెండు మూడు వారాల్లో ఉండే గిరాకీ తర్వాత ఉండదు. అప్పటికే నెలల తరబడి వెతుకుతున్నవాళ్లందరూ మొదట్లోనే వచ్చి చూసేస్తారు. ఆ తర్వాత వచ్చేది కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లే. ఆ మొదటి వారాలు ఎక్కువ ధరతో పోగొట్టుకుని నాలుగు నెలలకు 100కి దిగారనుకోండి, వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఇన్నాళ్లూ ఎందుకు అమ్ముడుపోలేదు?’ అనే. ఇంట్లో ఏ లోపమూ లేకపోయినా ఆ అనుమానం పోదు. 100కి తెగాల్సింది 95 దగ్గర ఆగడం నేను ఎన్నోసార్లు చూశాను.

లెక్కలపుస్తకం:
తాళంచెవి గారూ, మీ అనుభవాన్ని కాదనను. అయినా ఒక సంగతి చెప్పాలి. జెనెసోవ్, మేయర్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో 1990లలో బోస్టన్‌లో అమ్మకానికి వచ్చిన ఫ్లాట్లను పరిశీలించారు. కొన్న ధర కంటే మార్కెట్ ధర కిందికి పడిపోయిన ఫ్లాట్ల యజమానులు ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం మేర ధర ఎక్కువ చెప్పారు. చివరికి ఆ నష్టంలో 3 నుంచి 18 శాతం మేర ఎక్కువ రాబట్టుకున్నారు కూడా. అంటే ఎక్కువ చెప్పినవాళ్లకు కొంత ఎక్కువే వచ్చింది. వాళ్ల ఫ్లాట్లు అమ్ముడవడానికి ఎక్కువ కాలం పట్టిందన్నదీ నిజమే. ఆగగలిగినవాళ్లకు ఆగినందుకు ఫలితం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకోటి. మధ్యవర్తులందరూ ‘సరైన ధర చెప్పండి, త్వరగా తెగుతుంది’ అనే అంటారు. లెవిట్, సైవర్సన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, మిగతా ఇళ్లకంటే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగి 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారని తేలింది. కమిషన్ 2 శాతం అనుకుందాం. ఇల్లు 100కి బదులు 105కి తెగితే యజమానికి దాదాపు 5 మిగులుతుంది, ఏజెంట్‌కు వచ్చేది 0.1. ఆ కాస్త కోసం ఇంకో నెల ఆగుదామని ఏజెంట్‌కు ఎందుకు అనిపిస్తుంది?

తాళంచెవి:
న్యాయమైన ప్రశ్నే. అందుకే మధ్యవర్తి మాట ఒక్కటే విని ధర పెట్టొద్దని నేనే చెబుతాను. కానీ మీరు చెప్పిన 9.5 రోజులను ఒకసారి చూడండి. వాళ్లు ఎక్కువ ఆగింది పది రోజులే, ఏడాది కాదు. సరైన ధర పెట్టుకుని, వచ్చిన మొదటి ఆఫర్‌కే తల ఊపకపోవడం వేరు, 15 శాతం పైన పెట్టుకుని ఎదురుచూడటం వేరు. మొదటిది నేనూ చేయమంటాను. రెండోదానికి మీ లెక్క సాక్ష్యం కాదు.

బ్యాంకు సంగతి కూడా ఉంది. లోన్ మీద కొనేవాళ్లే ఎక్కువ. బ్యాంకు తన వాల్యుయర్‌ను పంపిస్తుంది. ఆయన కట్టిన విలువ, మీరు ఒప్పుకున్న ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే లోన్ ఇస్తుంది. మీ మాటకారితనంతో 112కి ఒప్పించినా, వాల్యుయర్ 100 కట్టాడంటే ఆ 12 కొనేవాళ్లు చేతి నుంచి తెచ్చుకోవాలి. తేలేకపోతే మళ్లీ బేరానికి వస్తారు, లేదా వెళ్లిపోతారు. నెలన్నర గడిచిపోయి ఉంటుంది, ఈలోపు మిగతావాళ్లు వేరే ఇళ్లు కొనేసి ఉంటారు.

పెరటిగుమ్మం గారూ, ధర ఇలా తేల్చుకోండి. అమ్మకానికి ఉన్న ఇళ్లు చూడొద్దు, అవి చెప్పే రేట్లే. గత ఆరు నెలల్లో నిజంగా తెగినవి చూడాలి. చుట్టుపక్కల అదే తరహావి నాలుగైదు దొరికితే చాలు. మీది ఫ్లాట్ కాదు కాబట్టి స్థలాన్ని, కట్టడాన్ని విడిగా లెక్కేయండి. స్థలం విలువ పెరుగుతుంది, 22 ఏళ్ల కట్టడం విలువ తగ్గుతుంది. చాలామంది కొత్త ఇంటి చదరపు అడుగు రేటును తెచ్చి పాత ఇంటికి వేసి, అంత రావాలని కూర్చుంటారు. ఫ్లాట్లతో పోల్చేవాళ్లయితే కార్పెట్ ఏరియాను, అంటే బయటి గోడలు పోను లోపల వాడుకునే చోటును, కార్పెట్ ఏరియాతోనే పోల్చాలి. ఈ లెక్క మీద మధ్యవర్తితో సంబంధం లేని ఒక వాల్యుయర్‌కు ఫీజు ఇచ్చి విలువ కట్టించుకోండి. ఇద్దరు వాటాదారులు ఉన్నప్పుడు ఆ ఫీజు ఏమీ దండగ కాదు. ‘నీ లెక్కా, నా లెక్కా’ అన్న గొడవ సగం తీరుతుంది.

మట్టీసున్నం:
ధర సంగతి మీరు తేల్చుకోండి. నేను కట్టడం పని చేయించేవాణ్ణి, ఆ గోడ గురించి చెబుతాను. దయచేసి దాని మీద పుట్టీ పూసి పెయింట్ వేయించకండి.

కింద రాలుతున్న ఆ తెల్లటి పొడి లవణం. గోడలోకి చేరిన నీళ్లు ఇటుక, సిమెంట్‌లలో ఉన్న లవణాలను కరిగించుకుని బయటికి వస్తాయి. నీరు ఆరిపోతుంది, లవణం మిగులుతుంది. అది గట్టిపడేటప్పుడు పెయింట్‌ను వెనక నుంచి నెడుతుంది, అందుకే పొక్కులు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోకుండా పైన ఎన్నిసార్లు పెయింట్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ అవే పొక్కులు. బాత్రూమ్ పక్క గోడ కాబట్టి కారణం మూడింట్లో ఒకటి కావొచ్చు. గోడలో పైపు కారుతుండొచ్చు, నేల టైల్స్ సందుల్లోంచి నీరు దిగుతుండొచ్చు, నేల నుంచే చెమ్మ ఎక్కుతుండొచ్చు. కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. కుళాయిలన్నీ కట్టేసి మీటర్ ఉంటే దాన్ని చూడండి, తిరుగుతుంటే పైపు కారుతుండొచ్చు. తిరగకపోతే కొన్ని రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా ఉంచండి. చెమ్మ తగ్గుముఖం పడితే టైల్స్ సందులు గానీ మురుగు పైపు గానీ కావొచ్చు. తగ్గకపోతే, ఇంట్లో బాత్రూమ్ పక్కన లేని గోడలకు కూడా అదే ఎత్తులో మరక ఉందేమో చూడండి, ఉంటే నేల చెమ్మ. మురుగు పైపు మాత్రం మీటర్‌కు దొరకదు, దాన్ని ప్లంబర్ చూడాల్సిందే.

టైల్స్ సందులైతే ఖర్చు చాలా తక్కువ. పాత గ్రౌట్, అంటే టైల్స్ మధ్య నింపే సిమెంట్ లాంటి ముద్ద, గీకి కొత్తది నింపితే సరిపోతుంది చాలాసార్లు. ఆ తర్వాత పొక్కిన ప్లాస్టర్ చెక్కేసి, గోడను వారాల తరబడి ఆరనివ్వాలి. తొందరపడితే చేసిన పనంతా వృథా. అందుకే అమ్మకానికి పెట్టేముందు ఈ పనే మొదట మొదలుపెట్టాలి.

మిగతావాటిలో అల్మారా తలుపులకు మడత బందులు మార్చండి, కారే కుళాయిలు, పనిచేయని స్విచ్‌లు బాగు చేయించండి. వంటిల్లు మొత్తం కొత్తగా చేయించడం మాత్రం వద్దు. అమ్మేముందు చేసే పెద్ద రీమోడలింగ్ డబ్బు సాధారణంగా పూర్తిగా వెనక్కి రాదు, పైగా మీకు నచ్చిన రంగు వాళ్లకు నచ్చాలనేం లేదు. ఆ విషయంలో మీ అన్నయ్యే కరెక్ట్.

ఇల్లువెతుకుతున్నా:
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేను చాలా ఇళ్లు చూశాను. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క గోడ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే నేను మొదట ఆ గోడనే తడతాను. ఆ తర్వాత యజమాని చెప్పే ఏ మాటా నమ్మబుద్ధి కాదు. గోడకు ఏమైంది, ఏం చేయించారు, ఎప్పుడు చేయించారు అని చెప్పి బిల్లు చూపించినవాళ్లతో మాత్రం బేరం ఆడటానికే మనసు రాదు. రిపేర్ చేయించకపోయినా పరవాలేదు, దాచకండి. తెలిసిన లోపం దాచి అమ్మితే తర్వాత కోర్టుల దాకా వెళ్లే అవకాశం కూడా ఉంది.

అయితే మీ అన్నయ్యతో ఒక చోట విభేదిస్తాను. కనిపించే లోపానికి మేం నిజమైన ఖర్చు వేసుకోం, భయం వేసుకుంటాం. గ్రౌట్‌తో పోయే చెమ్మను చూసి పునాది పోయిందేమో అనుకుంటాం, ఆ భయానికి తగ్గట్టే తగ్గించి అడుగుతాం. నాలాంటివాళ్లు అడిగేది ఆ పని ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

చీకటి అన్నారు కదా, కిటికీల అద్దాలు లోపలా బయటా తుడిపించి, మందపాటి కర్టెన్లు తీసేయండి. బరువైన సామాన్లు సగం ముందే తరలించండి. ఫోటోలు పగటి వెలుగులో, లైట్లన్నీ ఒకే రంగువి వేసి తీయండి. వాసన సంగతి బయటివాళ్లనే అడగాలి. రోజూ ఆ ఇంట్లో ఉండేవాళ్ల ముక్కు అలవాటుపడిపోతుంది, చెమ్మ వాసన వాళ్లకు తెలియనే తెలియదు. కాగితాలన్నీ ఒక ఫైలులో సిద్ధంగా ఉంచండి: హక్కు పత్రాలు, ప్లాన్ అనుమతి, పన్ను రసీదులు, లోన్ ఉండి తీరిపోతే ఆ పత్రం. వారసత్వంగా వచ్చిన ఇల్లు కాబట్టి పేరు మార్పిడి పూర్తయిందా లేదా అన్నది నేనైతే ఇల్లు చూడకముందే అడుగుతాను. నచ్చిన ఇల్లు కాగితాల దగ్గర ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది.

పెరటిగుమ్మం:
అందరికీ చాలా థాంక్స్. పేరు మార్పిడి అయిపోయింది. ప్లంబర్‌ను ఈ వారమే పిలుస్తాను. రిపేర్ల మీద అన్నయ్య కొంత మెత్తబడ్డాడు. ధర మీద మాత్రం 15 నుంచి 10కి వచ్చి ఆగాడు. ‘నాన్న ఎంత కష్టపడి కట్టాడో మనకు తెలుసు, ఊరికే ఇచ్చేస్తామా’ అంటాడు. ఆ మాట వచ్చాక నేనేం మాట్లాడలేకపోతున్నాను. నాకూ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

తాళంచెవి:
అమ్మా, ఆ మాటకు జవాబు లెక్కల్లో దొరకదు. మన చేతిలో ఉన్నదానికి మనం కట్టే విలువ, అదే వస్తువు ఇంకొకరి చేతిలో ఉంటే కట్టే విలువ కంటే సాధారణంగా ఎక్కువే. 1990లో కానెమన్, నెచ్, థేలర్ మామూలు కాఫీ కప్పులతో దీన్ని చూపించారు. అప్పుడే చేతికిచ్చిన కప్పును వదులుకోవడానికి మనుషులు అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెండింతలు. కప్పుకే అంతయితే నాన్న కట్టిన ఇంటికి ఎంత ఉంటుంది? ఆ ఇల్లు మీకు నిజంగానే అంత విలువైనది. కొనేవాళ్లకు అది ఒక స్థలం, నాలుగు గదులు. అన్నయ్యను ఒక్కటే అడగండి: ‘ఇదే ఇల్లు, ఇదే చోట, తెలియనివాళ్లది అమ్మకానికి వస్తే నువ్వు ఎంతకు కొంటావు?’ ఆయన చెప్పిన అంకె కాగితం మీద రాయించండి.

లెక్కలపుస్తకం:
నేనైతే ఇప్పటికీ వాల్యుయర్ చెప్పినదాని మీద 4, 5 శాతం కలిపే చెప్పమంటాను. బేరం ఆడి తగ్గించుకున్నామన్న తృప్తి కొనేవాళ్లకు కావాలి. ఏమీ కలపకుండా చెప్పి ‘ఇక తగ్గేది లేదు’ అంటే మొండితనంగా కనిపిస్తుంది. పది మాత్రం ఎక్కువే, అది ఒప్పుకుంటాను. అయితే ఆ 5 కలిపాక వెతుకులాటలో ఏ మెట్టు దాటుతుందో చూసుకోండి. 100 దగ్గర గీత గీసుకుని వెతికేవాళ్లకు 101 కనిపించదు. అలాంటప్పుడు కాస్త తగ్గించి 99 చెప్పడమే నయం.

పెరటిగుమ్మం:
ఒక్క సందేహం. 5 కలిపి పెట్టాం, ఎవరూ రాలేదనుకోండి. ఎప్పుడు తగ్గించాలి, ఎంత తగ్గించాలి?

తాళంచెవి:
అది అప్పుడు కాదు, ఇప్పుడే తేల్చుకోవాలి. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే అన్నాచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఒక తేదీ, ఒక అంకె రాసుకోండి. నాలుగు వారాల్లో చూడటానికే ఎవరూ రాకపోతే తప్పు ధరదో ఫోటోలదో. చాలామంది వచ్చి చూసి కూడా ఆఫర్ పెట్టకపోతే ఇంట్లో ఏదో వాళ్లను ఆపుతోంది, ముందు అదేంటో వచ్చినవాళ్లకు ఫోన్ చేసి అడగండి, ధర జోలికి తర్వాత వెళ్లండి. తగ్గించాల్సి వస్తే ఒక్కసారే, కింది మెట్టు బడ్జెట్ వాళ్లకు కనిపించేటంత తగ్గించండి. వారానికి ఒకటి చొప్పున ఒక్కో శాతం తగ్గిస్తూ పోతే ఇంకా దిగుతారని చూసేవాళ్లు ఆగుతారు.